రెండు జట్లకూ 76 పాయింట్లే: 1989లో ఇంగ్లండ్ లీగ్ టైటిల్ ఎలా తేలింది

ముందు ఈ రెండు వరసలు చూడండి.

ఆర్సెనల్: ఆడినవి 38, గెలిచినవి 22, డ్రా 10, ఓడినవి 6, పాయింట్లు 76.
లివర్‌పూల్: ఆడినవి 38, గెలిచినవి 22, డ్రా 10, ఓడినవి 6, పాయింట్లు 76.

1988-89 ఇంగ్లిష్ ఫస్ట్ డివిజన్ సీజన్ ముగిశాక పట్టికలో మొదటి రెండు వరసలు ఇవి. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే ఆర్సెనల్‌కు మిగిలేది 37. లివర్‌పూల్‌కూ 37. తొమ్మిది నెలలు ఆడినా రెండు జట్ల మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఒకరు చాంపియన్, ఇంకొకరు కాదు.

ఈ సీజన్ గురించి ఎవరు చెప్పినా చివరి మ్యాచ్ చివరి నిమిషంలో ఆర్సెనల్ ఆటగాడు మైకేల్ థామస్ కొట్టిన గోల్‌తో మొదలుపెడతారు. ఆ వీడియో నేనూ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ గోల్ ఒక్కటే చూస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు దొరకదు. ఆర్సెనల్ సరిగ్గా రెండు గోల్స్ తేడాతోనే ఎందుకు గెలవాల్సి వచ్చింది? ఫైనల్ అనేదే లేని లీగ్‌లో, మొదటి రెండు జట్లు ఆఖరి రాత్రి ఎదురెదురుగా ఎలా నిలబడ్డాయి? అదీ మే నెలాఖరున, ఒక శుక్రవారం రాత్రి? ఇందులో మొదటిది లెక్కల ప్రశ్న. రెండోదానికి జవాబు మాత్రం 97 మంది ప్రాణాలతో ముడిపడి ఉంది.

లెక్క ముందు చూద్దాం.

మనకు ఐపీఎల్ అలవాటు. అక్కడ లీగ్ దశ అయ్యాక ప్లేఆఫ్స్, ఆపైన ఫైనల్. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌లో అలాంటిది లేదు. ఆ ఏడాది ఫస్ట్ డివిజన్‌లో 20 క్లబ్బులున్నాయి. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. చివరికి పట్టికలో పైన ఎవరుంటే వాళ్లే చాంపియన్. పాయింట్లు సమానమైతే మన నెట్ రన్ రేట్‌లాగే ఇక్కడ గోల్ తేడా చూస్తారు. అదీ సమానమైతే ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో వాళ్లు పైన ఉంటారు.

1989 మే 23, మంగళవారం పొద్దున పట్టిక ఇలా ఉంది. ఆర్సెనల్‌కు 73 పాయింట్లు, కొట్టినవి 71, ఇచ్చినవి 36, తేడా 35. లివర్‌పూల్‌కూ 73 పాయింట్లు, కొట్టినవి 60, ఇచ్చినవి 25, తేడా 35. అంటే అప్పటికే సమానం. కాకపోతే లివర్‌పూల్ ఒక మ్యాచ్ తక్కువ ఆడింది. ఆ మిగిలిన మ్యాచ్ ఆ రాత్రే వెస్ట్ హామ్‌తో, లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌లో. లివర్‌పూల్ 5-1తో గెలిచింది. వెస్ట్ హామ్ ఆ ఓటమితో కింది డివిజన్‌కు దిగిపోయింది. లివర్‌పూల్ 76 పాయింట్లకు, గోల్ తేడాలో 39కి చేరింది.

ఇక మిగిలింది ఒక్కటే మ్యాచ్. మే 26న యాన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, ఆర్సెనల్.

ఆర్సెనల్ 1-0తో గెలిస్తే పాయింట్లు 76-76 అవుతాయి. కానీ గోల్ తేడా లివర్‌పూల్‌కు 38, ఆర్సెనల్‌కు 36. టైటిల్ లివర్‌పూల్‌ది. 2-0తో గెలిస్తే రెండు జట్లకూ 37. అప్పుడు కొట్టిన గోల్స్ చూడాలి: ఆర్సెనల్‌వి 73, లివర్‌పూల్‌వి 65. టైటిల్ ఆర్సెనల్‌ది. అదే మంగళవారం లివర్‌పూల్ వెస్ట్ హామ్‌కు ఇంకొక్క గోల్ కొట్టి 6-1 చేసి ఉంటే, శుక్రవారం ఆర్సెనల్‌కు రెండు గోల్స్ చాలేవి కావు, మూడు కావాల్సి వచ్చేది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 1976 వరకూ ఇంగ్లండ్‌లో గోల్ తేడా నియమం లేదు, గోల్ సగటు ఉండేది. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేయడం కాదు, కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగించడం. తీసివేతకూ భాగహారానికీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ భాగించినప్పుడు తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టుకు చాలా మేలు జరుగుతుంది. 1976-77 సీజన్ నుంచి దాన్ని తీసేసి గోల్ తేడా పెట్టారు.

పాత నియమమే ఉండి ఉంటే 1989లో ఏమయ్యేదో కాగితం మీద వేసి చూశాను. ఆర్సెనల్: 73ను 36తో భాగిస్తే సుమారు 2.03. లివర్‌పూల్: 65ను 28తో భాగిస్తే 2.32. అంటే ఆ రాత్రి అంతా అలాగే జరిగినా, థామస్ గోల్ పడినా, కప్పు లివర్‌పూల్‌కే వెళ్లేది. మరి పాత నియమం కింద ఆర్సెనల్‌కు ఎన్ని గోల్స్ కావాలి? 3-0 చాలదు. 4-0 అయితే 75ను 36తో భాగిస్తే 2.08, లివర్‌పూల్‌కు 65ను 30తో భాగిస్తే 2.17. అదీ చాలదు. 5-0తో గెలిస్తేనే 2.11, 2.10గా మారి ఆర్సెనల్ పైకి వస్తుంది. యాన్‌ఫీల్డ్‌లో 5-0 అంటే ఆ రోజుల్లో ఎవరూ ప్రయత్నం కూడా చేయరు. పదమూడేళ్ల కిందట ఒక సమావేశంలో మారిన నియమం వల్లే ఆ రాత్రికి ఆశ అనేది మిగిలింది.

ఆర్సెనల్ మేనేజర్ జార్జ్ గ్రాహంకు ఈ లెక్కల టెన్షన్ కొత్త కాదు. ఆర్సెనల్ అంతకుముందు చివరిసారి లీగ్ గెలిచింది 1971లో. అప్పుడు ఆయన ఆ జట్టులో ఆటగాడు. అప్పుడూ టైటిల్ ఆఖరి మ్యాచ్‌లోనే, టోటెన్‌హామ్ మైదానంలోనే తేలింది. గోల్ సగటు పుణ్యమా అని ఆ రోజు 0-0 డ్రా అయితే ఆర్సెనల్ చాంపియన్, 1-1 డ్రా అయితే మాత్రం లీడ్స్ చాంపియన్! ఆర్సెనల్ 1-0తో గెలిచి ఆ గొడవ లేకుండా చేసుకుంది.

సీజన్ మొదట్లో ఇదంతా ఎవరి ఊహలోనూ లేదు. లివర్‌పూల్ అప్పటి చాంపియన్. కెన్నీ డాల్‌గ్లీష్ మేనేజర్. జాన్ బార్న్స్, పీటర్ బియర్డ్‌స్లీ, జాన్ ఆల్డ్రిడ్జ్ ఉన్న జట్టుకు ఇటలీలోని యువెంటస్ నుంచి ఇయాన్ రష్ కూడా తిరిగొచ్చాడు. అయినా ఆరంభంలో తడబడింది. శరదృతువులో, చరిత్రలో మొట్టమొదటిసారి ఫస్ట్ డివిజన్‌కు వచ్చిన మిల్‌వాల్ కొన్నాళ్లు పట్టికలో పైన కూర్చుంది. క్రిస్మస్ నాటికి పైన ఉన్నది నార్విచ్. కొత్త ఏడాది వచ్చేసరికి ఆర్సెనల్ ముందుకు వచ్చింది. 1989 జనవరి 1న మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో లివర్‌పూల్ 3-1తో ఓడిపోయినప్పుడు ఈ రేసులో ఆ జట్టు పేరు తలిచేవాళ్లే తక్కువ.

ఆ రోజు తర్వాత లివర్‌పూల్ మే 26 రాత్రి వరకూ మళ్లీ ఓడలేదు.

ఆర్సెనల్ కుర్రాళ్ల జట్టు. కెప్టెన్ టోనీ ఆడమ్స్‌కు 22 ఏళ్లు. ఆడమ్స్, డేవిడ్ రోకాసిల్, థామస్, పాల్ మెర్సన్ క్లబ్ సొంత యూత్ జట్టు నుంచి ఎదిగినవాళ్లు. లీ డిక్సన్, స్టీవ్ బౌల్డ్‌లను గ్రాహం స్టోక్ నుంచి తెచ్చుకున్నాడు, నైజెల్ వింటర్‌బర్న్‌ను వింబుల్డన్ నుంచి, అలన్ స్మిత్‌ను లెస్టర్ నుంచి. పెద్ద పేర్లు కావు. స్మిత్ ఆ సీజన్‌లో 23 గోల్స్‌తో డివిజన్‌లో అందరికంటే పైన నిలిచాడు. కానీ మే నెలలో, సరిగ్గా నిలబడాల్సిన చోట, సొంత మైదానం హైబరీలోనే కాళ్లు తడబడ్డాయి. 13న డార్బీ చేతిలో 2-1తో ఓటమి, 17న వింబుల్డన్‌తో 2-2 డ్రా. వారం తిరక్కుండా అయిదు పాయింట్లు పోయాయి. అవి ఉండి ఉంటే యాన్‌ఫీల్డ్‌లో ఏ లెక్కా అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. యాన్‌ఫీల్డ్ మ్యాచ్ మే 26న జరగాల్సింది కాదు. దాని అసలు తేదీ ఏప్రిల్ 23. ఆ తేదీకి జరిగి ఉంటే అది సీజన్‌లో ఒక పెద్ద మ్యాచ్ అయ్యేది, అంతే. దాని తర్వాత రెండు జట్లకూ ఇంకా చాలా ఆట మిగిలి ఉండేది.

ఏప్రిల్ 15, శనివారం. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. ఎఫ్‌ఏ కప్ లీగ్‌తో సంబంధం లేని వేరే పోటీ, ఓడితే ఇంటికే. సెమీస్‌ను రెండు జట్లకూ చెందని మైదానంలో ఆడిస్తారు. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచ్‌ను షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో పెట్టారు. లివర్‌పూల్ అభిమానులకు లెపింగ్స్ లేన్ వైపు ఇచ్చారు. అక్కడ కుర్చీలు లేని, నిలబడి చూసే మెట్ల టికెట్లు 10,100. అంతమందీ లోపలికి వెళ్లడానికి ఉన్న టర్న్‌స్టైల్స్, అంటే ఒక్కొక్కరే దూరి వెళ్లే తిరుగుడు గేట్లు, ఏడే ఏడు.

మూడింటికి మ్యాచ్. రెండున్నర దాటేసరికి గేట్ల బయట ఇసుక వేస్తే రాలనంత జనం. 2:52కు పోలీసులు, బయటికి వెళ్లడానికి మాత్రమే వాడే ఒక పెద్ద గేటు తెరిపించారు. సుమారు రెండు వేల మంది ఒక్కసారిగా లోపలికి వచ్చారు. వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించేది ఒక సొరంగ మార్గం. అది నేరుగా మధ్యలో ఉన్న రెండు కంచెల గదుల్లోకి, అంటే కంచెలతో విడగొట్టిన మెట్ల భాగాల్లోకి తీసుకెళ్తుంది. ఆ రెండూ అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్కల ఉన్న గదుల్లో చోటుంది. కానీ సొరంగం ముందు నిలబడి "ఇటు వద్దు, అటు వెళ్లండి" అని చెప్పే మనిషి ఒక్కడూ లేడు. ఏడాది ముందు ఇదే రెండు జట్లు ఇదే మైదానంలో ఇదే సెమీస్ ఆడాయి. అప్పుడు మధ్య గదులు నిండగానే సొరంగం మూసేశారు.

గదుల ముందు, మైదానానికీ జనానికీ మధ్య, ఎత్తైన ఇనుప కంచె. 1970లలో అభిమానుల అల్లర్లు పెరిగాక ఇంగ్లండ్ అంతటా ఇలాంటి కంచెలు వేశారు. చూడటానికి వచ్చిన మనిషి మైదానంలోకి దూకకూడదన్న ఆలోచనే ఉంది కానీ, ఆ మనిషికి ఊపిరాడకపోతే ఎటు వెళ్లాలన్న ఆలోచన లేదు. 3:06కు రిఫరీ ఆట ఆపాడు. అభిమానులు ప్రకటన బోర్డులు ఊడబెరికి వాటినే స్ట్రెచర్లుగా చేసి తమవాళ్లను మోసుకెళ్లారు.

మన పత్రికల్లో ఇలాంటి ఘటనలకు తొక్కిసలాట అని రాస్తారు. హిల్స్‌బరోకు ఆ మాట సరిపోదని నా అభిప్రాయం. తొక్కిసలాట అంటే జనం భయంతో పరుగెత్తి, ఒకరినొకరు తొక్కుకున్నారని ధ్వనిస్తుంది. తప్పు జనానిదే అన్నట్టు. అక్కడ జరిగింది అది కాదు. నిలబడినవాళ్లు నిలబడిన చోటే, ఛాతీ కదిలే సందు లేక, ఊపిరాడక చనిపోయారు. తప్పు జనం మీదికి తోసే ప్రయత్నం ఆ మధ్యాహ్నమే మొదలైంది. పోలీసు బందోబస్తు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్, అభిమానులే గేటు బద్దలుకొట్టారని చెప్పాడు. తెరిపించింది తనే. నాలుగు రోజుల తర్వాత ద సన్ పత్రిక అభిమానులు శవాల జేబులు కొట్టేశారని మొదటి పేజీలో అచ్చేసింది. అది అబద్ధం. లివర్‌పూల్ నగరంలో ఆ పత్రికను ఇప్పటికీ చాలామంది ముట్టుకోరు. 2012లో స్వతంత్ర కమిటీ పాత కాగితాలు బయటికి తీస్తే, పోలీసుల వాంగ్మూలాలు 164 మార్చారని, వాటిలో 116 చోట్ల పోలీసులను తప్పుపట్టే మాటలు తీసేశారని తేలింది. 2016లో జ్యూరీ అది చట్టవిరుద్ధంగా ప్రాణాలు తీయడమేనని, అభిమానుల తప్పు ఏమీ లేదని తీర్పు చెప్పింది. 27 ఏళ్లు పట్టింది. డకెన్‌ఫీల్డ్ మీద నడిచిన క్రిమినల్ కేసులో మాత్రం 2019లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు.

ఫుట్‌బాల్ సీజన్ గురించి చెబుతూ దీని మీద ఇంతసేపు ఆగాలా అని ఎవరైనా అడగొచ్చు. నా మటుకు నాకు, ఇది పక్కన పెడితే ఆ సీజన్ గురించి చెప్పినట్టే కాదు.

లివర్‌పూల్ ఆట ఆపేసింది. యాన్‌ఫీల్డ్ గేట్లు తెరిచారు. జనం పూలు, స్కార్ఫులు తెచ్చి పెడుతుంటే అవి గోల్ పోస్టు దాటి మైదానంలోకి పరుచుకుంటూ వచ్చాయి. డాల్‌గ్లీష్, ఆటగాళ్లు అంత్యక్రియలకు వెళ్లారు. ఒకే రోజు నాలుగింటికి వెళ్లిన సందర్భం ఉంది డాల్‌గ్లీష్‌కు. అప్పుడు ఆయనకు 38 ఏళ్లు. అసలు మళ్లీ ఆడాలా వద్దా అన్న చర్చ చాలా రోజులు నడిచింది. లీగ్‌లో తిరిగి దిగింది మే 3న, అదే ఊరి ఎవర్టన్ మీద. 0-0.

ఇక అక్కడి నుంచి క్యాలెండర్ చూస్తే గుండె గుభేలుమంటుంది. మే 3న ఎవర్టన్. 7న ఆగిపోయిన సెమీస్ మళ్లీ, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, 3-1 గెలుపు. 10, 13, 16 తేదీల్లో మూడు లీగ్ మ్యాచ్‌లు, మూడూ గెలుపే. 20న వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్, మళ్లీ ఎవర్టన్ మీదే, అదనపు సమయం దాకా వెళ్లి 3-2. 23న వెస్ట్ హామ్. 26న ఆర్సెనల్. 24 రోజుల్లో ఎనిమిది మ్యాచ్‌లు. వాయిదా పడ్డవన్నీ పేర్చుకుంటూ రాగా, ఏప్రిల్ 23 నాటి మ్యాచ్ అన్నిటికంటే చివరికి వచ్చి చేరింది. ఎవరూ అనుకోని ఫైనల్ అలా పుట్టింది. దాన్ని ఎవరూ కోరుకోలేదు, రాసిపెట్టలేదు. హిల్స్‌బరో జరగకపోతే ఆ రాత్రే లేదు.

అలసట వల్లే లివర్‌పూల్ ఓడిందని కొందరు అంటారు. పూర్తిగా ఒప్పుకోలేను. మూడు రోజుల ముందు అయిదు గోల్స్ కొట్టిన జట్టది. నాకైతే అసలు చిక్కు ఇంకోచోట కనిపిస్తుంది. ఒక గోల్ తేడాతో ఓడినా చాంపియన్ అయ్యే జట్టు ఎలా ఆడాలి? దాడి చేయాలా, కాచుకోవాలా? ఎప్పుడూ ముందుకెళ్లి ఆడే అలవాటున్న లివర్‌పూల్ ఆ రాత్రి మధ్యలో వేలాడినట్టు కనిపిస్తుంది. ఆర్సెనల్‌కు ఆ సందేహమే లేదు.

గ్రాహం మాత్రం రెండు గోల్స్ కావాల్సిన మ్యాచ్‌కు అయిదుగురు డిఫెండర్లను దింపాడు. ఆడమ్స్, బౌల్డ్‌లకు తోడు మూడో సెంటర్ డిఫెండర్‌గా 31 ఏళ్ల డేవిడ్ ఓలీరీ. ఆయన ఆలోచన ఇది: మొదటి సగం 0-0తో గడిస్తే చాలు. తొందరపడి ఒక గోల్ ఇచ్చుకుంటే అప్పుడు మూడు కావాలి, కథ ముగిసినట్టే. వెనక ముగ్గురు ఉంటే డిక్సన్, వింటర్‌బర్న్ పక్కల నుంచి పైకి వెళ్లి లివర్‌పూల్ ఆటగాళ్లు బార్న్స్, రే హాటన్‌లను బంతి అందుకునే చోటే అడ్డుకోవచ్చు. చూడటానికి భయపడ్డట్టు ఉంటుంది, నిజానికి ధైర్యమైన ఎత్తు.

ఆర్సెనల్ ఆటగాళ్లు ఆ రోజు పొద్దునే బస్సులో లండన్ నుంచి బయల్దేరి వచ్చారు. దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఆర్సెనల్ అభిమానుల కోసం ఆట కొన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. అంతకుముందు పసుపు జెర్సీల్లో ఆర్సెనల్ ఆటగాళ్లు పూలగుత్తులు పట్టుకుని మైదానంలోకి వచ్చారు. నాలుగు వైపులా వెళ్లి లివర్‌పూల్ అభిమానులకు ఇచ్చారు. స్టేడియం మొత్తం చప్పట్లు కొట్టింది. ఇంతకంటే తీవ్రమైన పోటీ లేని రాత్రి అలా మొదలవడం చూస్తే, నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది.

మొదటి సగం 0-0. 52వ నిమిషంలో ఆర్సెనల్‌కు ఫ్రీ కిక్. రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచాడు, అంటే అది ఇన్‌డైరెక్ట్. కొట్టినవాడి కాలి నుంచి బంతి నేరుగా గోల్‌లోకి పోతే చెల్లదు, మధ్యలో ఇంకొకరికి తగలాలి. వింటర్‌బర్న్ కొట్టాడు, స్మిత్ తల ఆడించాడు, బంతి లోపలికి పోయింది. లివర్‌పూల్ ఆటగాళ్లు రిఫరీ డేవిడ్ హచిన్సన్‌ను చుట్టుముట్టారు. ఆయన లైన్స్‌మన్ దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. ఆ కొద్ది సెకన్లలో సీజన్ మొత్తం ఒకే ప్రశ్న మీద ఆగింది: స్మిత్ తలకు బంతి తగిలిందా, లేదా? గోల్ ఇచ్చారు. రీప్లేలో చూస్తే సన్నగా తగిలినట్టే ఉంది. వీడియో రిఫరీ లేని కాలం, ఇద్దరు మనుషుల కళ్లే సాక్ష్యం.

ఇంకొక్క గోల్ కావాలి. డెబ్బై నిమిషాలు దాటాక థామస్‌కు ఒక అవకాశం వచ్చింది, నేరుగా గోల్‌కీపర్ గ్రోబెలార్ చేతుల్లోకి కొట్టాడు. సమయం అయిపోతోంది. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డర్ స్టీవ్ మెక్‌మాన్ ఒక వేలు చూపిస్తూ తనవాళ్లకు చెబుతున్నాడు, ఒక్క నిమిషం, ఒక్కటే.

అప్పుడు బార్న్స్ బంతితో ఆర్సెనల్ పెనాల్టీ ఏరియాలోకి దూసుకొచ్చాడు. మూలకు తీసుకెళ్లి నిలబెట్టుకుంటే సరిపోయేది. ఇంకొకరిని దాటబోయాడు. కాలి కండరాలు పట్టేసి అప్పుడే కుంటుతున్న కెవిన్ రిచర్డ్‌సన్ బంతి లాక్కుని గోల్‌కీపర్ జాన్ లూకిచ్‌కు వెనక్కి ఇచ్చాడు. లూకిచ్ చేత్తో అందుకున్నాడు. 1992లో నియమం మారాక తనవాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు, కానీ 1989లో పట్టొచ్చు. పట్టి, డిక్సన్‌కు విసిరాడు. డిక్సన్ పొడవుగా స్మిత్‌కు కొట్టాడు. స్మిత్ ఒక్క టచ్‌తో అదుపు చేసి, రెండో టచ్‌తో ముందుకు పరుగెత్తుతున్న థామస్‌కు ఎత్తి వేశాడు. బంతి స్టీవ్ నికల్‌కు తగిలి మళ్లీ థామస్ ముందే పడింది. ఎదురుగా గ్రోబెలార్ ఒక్కడే. వెనక నుంచి ఇద్దరు మీదికి వస్తున్నారు. థామస్ తొందరపడలేదు. గ్రోబెలార్ ముందు కిందికి వాలేదాకా ఆగాడు. అప్పుడు కుడి కాలి బయటి అంచుతో అతని మీదుగా లేపేశాడు. 2-0.

నేను ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసేది ఆ ఆగడం కోసమే. ఇరవై అడుగులు పరుగెత్తి, 18 ఏళ్ల నిరీక్షణ భుజాల మీద ఉన్న కుర్రవాడు, తొంభై ఒకటో నిమిషంలో, ఎదుటివాడు ముందు కదలాలని ఎదురుచూశాడు. కొద్దిసేపట్లోనే లివర్‌పూల్ ఆఖరి దాడి వస్తే, సొంత పెనాల్టీ ఏరియాలో బంతి లాక్కుని నింపాదిగా తన గోల్‌కీపర్‌కు ఇచ్చింది కూడా అతనే.

విజిల్ మోగాక లివర్‌పూల్ అభిమానులు చాలామంది ఇళ్లకు వెళ్లలేదు. నిలబడి ఆర్సెనల్‌కు చప్పట్లు కొట్టారు. ఆరు వారాల కిందట తమవాళ్లను పాతిపెట్టుకున్న జనం.

చాంపియన్ అయినా ఆర్సెనల్, యూరప్ దేశాల చాంపియన్ క్లబ్బులు తలపడే యూరోపియన్ కప్ ఆడలేదు. 1985లో బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్ ముందు గోడ కూలి 39 మంది చనిపోయారు. లివర్‌పూల్ అభిమానులు దాడి చేయడంతో జరిగింది అది. అప్పటి నుంచి ఇంగ్లిష్ క్లబ్బుల మీద నిషేధం, అది 1990 దాకా సాగింది. హైసెల్‌లో అభిమానుల తప్పు నిజం. దాన్ని చూపించే హిల్స్‌బరోలో చనిపోయినవాళ్ల మీదా నింద వేయడం తేలికైంది.

ఆ గోల్ వల్లే ప్రీమియర్ లీగ్ పుట్టిందని తరచూ చదువుతాం. అంత సూటిగా చెప్పలేం. టీవీ డబ్బు కోసం పెద్ద క్లబ్బుల లాగులాట అప్పటికే నడుస్తోంది. 1988లోనే ఐటీవీ చానల్ నాలుగేళ్లకు 4.4 కోట్ల పౌండ్లు పెట్టి హక్కులు కొనుక్కుంది, అందులో ఎక్కువ వాటా పెద్ద జట్లకే పోయింది. యాన్‌ఫీల్డ్ రాత్రి ఆ చానల్‌లోనే ప్రత్యక్ష ప్రసారమైంది. లీగ్ మ్యాచ్ టీవీలో ఎంత ఉత్కంఠగా ఉంటుందో దేశమంతా ఇంట్లో కూర్చుని చూసింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు అయిదేళ్ల హక్కులకు ప్రకటించిన విలువ 30.4 కోట్ల పౌండ్లు.

కానీ మైదానాల్ని మార్చింది టీవీ కాదు. హిల్స్‌బరో మీద విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్, 1989 ఆగస్టులో ఇచ్చిన తొలి నివేదికలోనే అసలు కారణం పోలీసుల వైఫల్యమని రాశారు. 1990 జనవరి నాటి తుది నివేదికలో ప్రతి ప్రేక్షకుడికీ కుర్చీ ఉండాలన్నారు. అభిమానులందరికీ గుర్తింపు కార్డులు పెట్టాలన్న థాచర్ ప్రభుత్వ పథకాన్ని సమర్థించలేదు. కంచెలు పోయాయి. యాన్‌ఫీల్డ్‌లో వేలమంది నిలబడి పాడే కాప్ మెట్లు 1994 ఏప్రిల్ 30తో ముగిశాయి. స్టేడియాలు కట్టే ఖర్చుతో పాటు టికెట్ ధరలూ పెరిగాయి. పనివాళ్ల పిల్లలు చేతిలో ఉన్న చిల్లరతో వెళ్లే ఆట కాస్తా చాలామందికి దూరమైంది. నాకు ఇది బాధ కలిగించే విషయమే. అయినా కుర్చీలు వద్దని నోరు తెరిచి అనలేను.

థామస్ 1991 డిసెంబర్‌లో లివర్‌పూల్‌కే మారాడు. 1992 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో ఆ జట్టు తరఫున గోల్ కూడా కొట్టాడు. లివర్‌పూల్ 1990లో లీగ్ గెలిచింది. మళ్లీ గెలవడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

1989 ఏప్రిల్‌లో హిల్స్‌బరో మృతులు 95 మంది. నాలుగేళ్లు స్పృహ లేకుండా మంచం మీద ఉన్న ఒక కుర్రవాడు 1993 మార్చిలో చనిపోతే 96 అయ్యారు. ఆ రోజు తీవ్రంగా గాయపడి 32 ఏళ్లు బతికిన ఇంకొకరు 2021 జులైలో చనిపోయారు. ఆ మరణానికీ కారణం 1989 ఏప్రిల్ 15 నాటి గాయాలేనని కరోనర్, అంటే మరణాల మీద విచారణ జరిపే అధికారి, తేల్చారు. అప్పటి నుంచి ఆ సంఖ్య 97.